మీ కేసు ఆడిటర్ ఫైల్లో ఉంది

ప్రశ్న: పలాసలో మాకు చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. నాన్నగారు పెట్టింది, ఇప్పుడు నా ఒక్కడి పేరు మీదే నడుస్తోంది. హైదరాబాద్‌లో ఒక హోల్‌సేల్ డీలర్‌కు ఏడేళ్లుగా అరువు మీద సరుకు పంపాను. సొంత అన్నలా చూసుకున్నాను. వాళ్లమ్మాయి పెళ్లికి రెండు టిన్నుల పప్పు ఊరికే పంపాను. 2022 ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా పంపిన సరుకుకు 16 లక్షల 40 వేలు రావాలి. 2023 ఫిబ్రవరిలో లక్షా 80 వేలు బ్యాంకులో వేశాడు. జూలైలో వాళ్ల గుమాస్తా ఇటు వచ్చి 60 వేలు నగదు ఇస్తే మా అబ్బాయి చీటీ రాసిచ్చాడు. ఆ తర్వాత పైసా లేదు. అడిగితే మార్కెట్ బాగాలేదంటాడు. ఇక్కడ పిక్కల ధర పెరిగింది, బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు ఖాతాలో గీత దాటాం, మా ఆవిడ నగలు తాకట్టులో ఉన్నాయి, పప్పు ఒలిచే ఆడవాళ్లకు రెండు వారాల కూలి బాకీ. ఇంకా బిల్లుకు మూడేళ్లు దాటింది కాబట్టి కేసు లేదని ఒకాయన చెప్పారు. 2021లో డీలర్ సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కు నా దగ్గరుంది. 14 లక్షల 60 వేలు రాసి బ్యాంకులో వెయ్యమని మా బావమరిది అంటున్నాడు. 2023లో మా ఆడిటర్ అడిగితే డీలర్ సంతకం చేసి, స్టాంపు వేసి పంపిన కాగితం కూడా ఒకటుంది గానీ దాని మీద తేదీ లేదు. ఈ ఏడాది తేదీ వేసుకుంటే పనికొస్తుందా? చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నిరుడు తీసుకున్నాను. మూడు రెట్ల వడ్డీ వస్తుందంటున్నారు, నిజమేనా? మంచికి పోతే మోసపోయానండీ.

జవాబు: పెళ్లికి పంపిన పప్పు గురించి నాలుగు ముక్కలు రాశారు. ఆడిటర్ కాగితం గురించి ఒక్క ముక్క, అదీ పాడుచేసే ఉద్దేశంతో రాశారు. వెన్న చేతిలో పెట్టుకుని నేతికి తిరగడమంటే ఇదే. మీ దావా నిలబడుతుందా, పడిపోతుందా అన్నది ఆ ఒక్క కాగితం మీదే ఉంది.

ముందు గడువు సంగతి. అరువుకు గడువు ఇంతని రాసుకోకుండా సరుకు అమ్మితే, సరుకు అందిన రోజు నుంచి మూడేళ్లలో దావా వెయ్యాలి. 1963 నాటి లిమిటేషన్ చట్టం 14వ ఆర్టికల్ చెప్పేది అదే. ఆ లెక్కన 2022 ఆగస్టు బిల్లుల గడువు ఈ 2025 ఆగస్టుతోనే అయిపోయింది. తక్కినవీ ఒక్కొక్కటే పోయాయి, డిసెంబర్ బిల్లులకు రోజులే మిగిలాయి. మీకు సలహా ఇచ్చిన ఆయన ఇంతవరకే చూశారు. అవతలివాళ్లు ఈ అభ్యంతరం లేవనెత్తకపోయినా కాలదోషం పట్టిన దావాను జడ్జి కొట్టెయ్యాల్సిందే, మూడో సెక్షన్ అలా చెబుతోంది. ఆలస్యానికి క్షమాపణ కోరే ఐదో సెక్షన్ అప్పీళ్లకు, అర్జీలకే గానీ దావాలకు పనికిరాదు. మీ కష్టాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పుకున్నా ఒక్క రోజు కూడా కలిసిరాదు.

అయితే అదే చట్టంలో 18వ సెక్షన్ ఉంది. గడువు తీరకముందే బాకీదారు ‘ఇంత బాకీ ఉన్నాను’ అని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేస్తే, ఆ సంతకం చేసిన రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు. ఆడిటర్లు ఏటా మార్చి ముగియగానే ఖాతాదారుల నుంచి తెప్పించే నిల్వ ధ్రువీకరణ పత్రం సరిగ్గా ఇలాంటిదే. మీ డీలర్ పంపిన కాగితంలో ‘31.03.2023 నాటికి మేము చెల్లించాల్సినది రూ. 14,60,000’ అన్న అర్థం వచ్చే మాట ఉంటే, దాని కింద అతని సంతకం ఉంటే, 2022 నాటి బిల్లులన్నీ మళ్లీ బతికినట్టే. సంతకం అతనిది కాక అకౌంటెంట్‌ది అయితే, యజమాని తరఫున సంతకం చేసే అధికారం అతనికి ఉందని చూపించాలి. అంతకుముందు ఏళ్లలో కూడా ఆ అకౌంటెంటే సంతకాలు చేసిన పత్రాలు ఆడిటర్ దగ్గరుంటే అక్కడ పని తేలికవుతుంది.

ఇక తేదీ. దయచేసి ఆ కాగితం దగ్గరికి పెన్ను తీసుకెళ్లకండి. తేదీ లేని ఒప్పుకోలు పత్రం చెల్లదని మీకెవరు చెప్పారు? ఎప్పుడు సంతకం పెట్టారో నోటి సాక్ష్యంతో నిరూపించుకోవచ్చని 18వ సెక్షన్‌లోనే రాసి ఉంది. కాగితంలోని విషయాన్ని మాత్రం నోటి మాటతో నిరూపించలేరు, అందుకే కాగితం భద్రంగా ఉండాలి. ఈ రోజు మీరు 2025 అని వేశారనుకోండి. 2023 మార్చి నిల్వకు రెండేళ్ల తర్వాత సంతకం ఎందుకు చేశాడని అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్నకే మీ సాక్ష్యం కూలుతుంది. సిరా తేడా ల్యాబులో తేలుతుంది. అప్పుడు పోయేది దావా ఒక్కటే కాదు. దొంగ పత్రం సృష్టించడం, దాన్ని నిజమైనదిగా కోర్టులో వాడటం భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద నేరాలు. 14 లక్షలు రావాల్సిన మనిషి ముద్దాయి బోనులో నిలబడతాడు. ఇలా చేసి వచ్చినవాళ్లు కొందరు తెలుసు నాకు. వాళ్లలో ఎవరికీ దిద్దే అవసరం లేదు, అదే బాధ.

తేదీ నిరూపించే ఆధారం మీ ఇంట్లోనో, ఆడిటర్ ఆఫీసులోనో ఉండి తీరుతుంది. కాగితం మొదట మెయిల్‌లో వచ్చిందా? ఆ మెయిల్ తేదీ చూడండి. కొరియర్‌లో వచ్చిందా? ఆ కవరు ఉందా? ఆ ఏడాది ఆడిట్ ఎప్పుడు ముగిసింది? ఆడిటర్ సాక్ష్యం చెప్పగలరు. మాటవరసకు మెయిల్ 2023 ఏప్రిల్ 6న వచ్చిందనుకుందాం. అప్పుడు సంతకం మార్చి 31కీ ఏప్రిల్ 6కీ మధ్య ఎప్పుడో జరిగింది. నేనైతే వాదనకు తావివ్వకుండా 2026 మార్చి 31నే ఆఖరి రోజుగా లెక్కపెట్టుకుంటాను. ఇప్పుడు 2025 డిసెంబర్. అంటే నాలుగు నెలలు కూడా లేవు.

జూలైలో వచ్చిన 60 వేలు గడువును ఇంకా ముందుకు జరుపుతాయనుకుంటున్నారేమో. జరపవు. 19వ సెక్షన్ కింద కొంత సొమ్ము చెల్లించినప్పుడు కొత్త గడువు రావాలంటే, ఆ చెల్లింపు గురించి చెల్లించినవాడి చేతిరాతలోనో, సంతకంతోనో కాగితం ఉండాలి. మీ అబ్బాయి రాసిచ్చిన చీటీ మీ చేతిరాత. గుమాస్తా చేత ఓచరు మీద ఒక్క సంతకం పెట్టించుకుని ఉంటే 2026 జూలై దాకా సమయం దొరికేది. ఇన్నేళ్ల వ్యాపారంలో ఉన్నవాళ్లు పది కిలోల టిన్ను తూకంలో యాభై గ్రాములు తగ్గితే ఊరుకోరు, 60 వేల నగదుకు సంతకం అడగరు! అయినా ఆ 60 వేలు దావాలో జమ చూపించాల్సిందే. మీకు రావాల్సింది 14 లక్షలు, 14 లక్షల 60 వేలు కాదు.

అక్కడే మీ బావమరిది సలహా బోర్లాపడుతుంది. సంతకం పెట్టిన ఖాళీ చెక్కును నింపుకోవచ్చన్న మాట సగం నిజం. 2019లో సుప్రీంకోర్టు అలా చెప్పింది, సంతకం అతనిదే అయితే అప్పు లేదని నిరూపించే భారం అతనిదే. కానీ 2022 అక్టోబర్‌లో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది: చెక్కు ఇచ్చాక కొంత సొమ్ము ముట్టితే, దాన్ని చెక్కు మీద జమ రాయకుండా మొత్తానికీ వేస్తే, చెక్కు తిరిగొచ్చినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కుల చట్టం) 138 సెక్షన్ కింద నేరం కాదు. ఎందుకంటే వేసిన రోజుకి అంత బాకీ లేదు. 60 వేలు మింగి చెక్కు వేస్తే కేసు పోవడమే కాదు, మీ నిజాయితీ కూడా పోతుంది. సివిల్ కోర్టులో అదే రికార్డు మీ మొహాన కొడతారు. వెయ్యాలనుకుంటే మీ న్యాయవాదికి చెక్కు చూపించి, నిజంగా ఉన్న బాకీకే వెయ్యండి. తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక అతనికి 15 రోజులు, ఆ తర్వాత నెల లోపు ఫిర్యాదు. ఒక సంగతి గుర్తుంచుకోండి, చెక్కు కేసు నడుస్తోందని సివిల్ దావా గడువు ఆగదు. వకీలు నోటీసు ఇచ్చినా ఆగదు. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది కదా అని నిశ్చింతగా కూర్చుని మునిగిపోయినవాళ్లే ఎక్కువ. పోలీస్ స్టేషన్లో మోసం కేసు పెడదామని ఎవరైనా అంటే వాళ్ల మాటా వినకండి. ఏడేళ్లు లావాదేవీ నడిచి, మధ్యలో డబ్బూ వచ్చాక అది డబ్బు తగాదాయే గానీ మోసం కాదు.

మూడు రెట్ల వడ్డీ సంగతి రెండు మాటల్లో. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో అది ఉంది, రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కానీ మీరు సరుకు పంపింది 2022లో, ఉద్యమ్ తీసుకున్నది నిరుడు. రిజిస్ట్రేషన్‌కు ముందు పంపిన సరుకుకు ఆ రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు 2022లో అంది. ఆ విషయం 2025 జనవరిలో పెద్ద ధర్మాసనానికి వెళ్లింది, నిజమే. మీకున్న నాలుగు నెలల్ని దాని మీద పందెం కాయకండి. ఇకపై పంపే సరుకుకు మాత్రం ఉద్యమ్ నంబరు ప్రతి బిల్లు మీదా అచ్చు వేయించండి.

ఇప్పుడు చెయ్యాల్సింది. మొదటి పని అన్నిటికన్నా చవకైనది. డీలర్‌కు మర్యాదగా ఖాతా లెక్క పంపి, 14 లక్షలు నెలకింత చొప్పున ఇస్తానని ఒప్పుకుంటూ తేదీ వేసి సంతకం చెయ్యమనండి. నిజంగా కష్టాల్లో ఉన్నవాడు వాయిదాలు దొరికితే సంతకానికి వెనకాడడు, పైగా గడువు మళ్లీ మొదలవుతుంది. పది రోజులు చూడండి, అంతకన్నా వద్దు.

సంతకం రాకపోతే దావా. బాకీ మూడు లక్షలు దాటింది, ఇద్దరూ వ్యాపారులు, కాబట్టి ఇది 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టం కిందికి వస్తుంది. అత్యవసర ఉత్తర్వు ఏదీ అక్కర్లేనప్పుడు, ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వానికి (మీడియేషన్) దరఖాస్తు పెట్టకుండా దావా వేస్తే కోర్టు తిరస్కరిస్తుంది, ఇది 2022 ఆగస్టు నుంచి కచ్చితం. మధ్యవర్తిత్వం నడిచిన కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు. అయినా దాన్ని నమ్ముకుని మార్చి ఆఖరి వారం దాకా ఆగకండి, జనవరిలోనే దరఖాస్తు పెట్టండి. అక్కడ రాజీ కుదిరి ఇద్దరూ సంతకం చేస్తే దానికి ఆర్బిట్రేషన్ తీర్పుకున్నంత బలం ఉంటుంది. అతను రాకపోతే రాలేదని నివేదిక ఇస్తారు, దానితో దావా వేసుకోవచ్చు.

సాక్ష్యానికి మీ ఖాతా పుస్తకం ఒక్కటే చాలదు, ఖాతా పద్దులు వాటంతట అవే ఎవరి మీదా బాధ్యత మోపవని కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమం కూడా చెబుతోంది. ప్రతి బిల్లుకూ ఈ-వే బిల్లు, లారీ రసీదు జత చెయ్యండి. అతను మీ బిల్లుల మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీది పన్నును తన పన్నులో తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే సరుకు అందలేదనే మాట నోటి నుంచి రాదు. 180 రోజుల్లో మీకు సొమ్ము చెల్లించకపోతే ఆ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాల్సినవాడు అతను. ఈ విషయం అతని ఆడిటర్‌కు బాగా తెలుసు. వాట్సాప్‌లో ‘సర్దుతాను’ అన్న మెసేజీలు ఉంటే వాటిని అదనపు ఆధారంగానే చూడండి. ఫొటోలు తీస్తే సరిపోదు, ఫోన్ ఉండాలి, సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం ఉండాలి. ఫోన్ మార్చే ముందు నాకు చెప్పకపోయినా మీ వకీలుకు చెప్పండి.

యూనిట్ మీ ఒక్కడి పేరు మీద ఉందన్నారు, మంచిది. రిజిస్టర్ కాని భాగస్వామ్య సంస్థ అయ్యుంటే, అలాంటి సంస్థ దావా వెయ్యడానికి వీల్లేదనే భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ గోడ ఇంకొకటి అడ్డం వచ్చేది.

రేపు పొద్దున్నే ఆడిటర్ ఆఫీసుకు వెళ్లి ఆ కాగితం అసలు ప్రతి తెచ్చుకోండి, దానితో వచ్చిన మెయిల్ ప్రింటు, కవరు ఉంటే కవరు కూడా. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టండి. దాని మీద రాయొద్దు, పంచ్ వెయ్యొద్దు, పిన్ను కూడా కొట్టొద్దు.