కిక్ దిగని యెజ్డీ రోడ్‌కింగ్: ముందుగా చేయవలసినవి

పర్లాకిమిడిలో మీ నాన్నగారి యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్ సైకిల్ దాదాపు 30 ఏళ్లుగా పాకలోనే ఉండిపోయిందనీ, కిక్ కిందికి దిగడం లేదనీ రాశారు. దయచేసి బలవంతంగా తొక్కకండి; తుప్పుతో సిలిండర్‌కు పట్టుకున్న పిస్టన్ రింగులు విరిగితే బోరింగు (సిలిండర్ లోపలి గోడను తొలిచి సరిచేయించడం) తప్పదు. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోంచి తుప్పు వదిలించే నూనె పోసి కొన్ని రోజులు నాననిచ్చి, టాప్ గేరులో వెనుక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా కదపండి.

పిస్టన్ కదిలినా వెంటనే స్టార్ట్ చేయవద్దు. అన్నింటికంటే ముఖ్యం క్రాంకుకు (పిస్టన్ తిప్పే ఇరుసుకు) రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు: టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో అవి గట్టిపడితే బయటి గాలి చొరబడి, మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గి, పిస్టన్ వేడెక్కి మళ్లీ పట్టేస్తుంది. వాటిని తప్పక మార్పించండి. పాత సీలు పట్టుకెళితే బరంపురంలో కొలతకు సరిపోయేది దొరకవచ్చు. తర్వాత కార్బురేటర్ కడిగించి, కొత్త పెట్రోలులో లీటరుకు 40 మిల్లీలీటర్ల టూ-టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) కలపండి.