మహమ్మారి రోజుల్లో పిల్లల ఓపీ ఫోన్ మీదే నడిచి ఉంటే సరిపోయేదా?

ఈ ప్రశ్నకు, పిల్లల వైద్యుడిగా ఆ రోజులు గడిపినవాణ్ణి కనుక, సరిపోయేది కాదనే చెబుతాను. అయితే వీడియో లేకపోతే కొందరు పిల్లలు నా దాకా వచ్చేవారే కాదు.

2020లో ఒక తల్లి తన ఏడు నెలల బాబుకు జలుబు, దగ్గు అని వీడియోలో చూపించి, ఆయాసం మాత్రం లేదని గట్టిగా చెప్పారు. వాడు నిద్రపోయాక చొక్కా పైకెత్తి, పొట్ట, ఛాతీ కనబడేలా ఫోన్‌ను ఒక నిమిషం కదలకుండా పట్టుకోమన్నాను. గడియారం చూసుకుంటూ లెక్కపెడితే ఊపిరి 62 సార్లు తీశాడు. రెండు నెలలు నిండి ఏడాది లోపున్న బిడ్డకు 50 వచ్చినా అది ఎక్కువే. పైగా వాడు డొక్కలు ఎగరేస్తున్నాడు. వెంటనే తీసుకురమ్మంటే, "అక్కడ కూర్చుంటే కరోనా అంటుకోదా డాక్టరుగారూ?" అని ఆమె అడిగారు. నా దగ్గర జవాబు లేదు. లోపలికి రానక్కర్లేదని చెప్పి ఆరుబయటే చూశాను. రక్తంలో ఆక్సిజన్ తగ్గి ఉండటంతో ఆసుపత్రిలో చేర్పించాను, బాబు కోలుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి టీకాలకు, ఎదుగుదల పరీక్షలకు ఉదయం వేళను, జ్వరాలకు సాయంత్రం వేళను కేటాయించి, బిడ్డ వెంట ఒక్కరినే రానిచ్చి, మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ వైరస్‌ను గాలిలోకి చిమ్ముతుందేమోనన్న భయంతో దాన్ని పక్కనపెట్టి, స్పేసర్ (మందును పట్టి ఉంచే గొట్టం) తగిలించిన ఇన్‌హేలర్ వాడాను. మూడు నెలల లోపు పసికందుకు జ్వరమంటే మాత్రం వీడియో మాటే ఎత్తనివ్వలేదు. ఫోన్‌లో నన్ను అన్నిటికంటే విసిగించింది బరువు: "ఎనిమిది కిలోలుంటాడేమో" అంటే సిరప్ మోతాదు ఎలా రాయాలి?

ఆ ఒక్క ఏడాదే ప్రపంచంలో 2 కోట్ల 30 లక్షల మంది పిల్లలకు మామూలు టీకాలు పూర్తిగా అందలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్కగట్టాయి. ఆసుపత్రులు మూతబడటం, రాకపోకలు ఆగిపోవడం ఒక కారణమైతే, మా వరండాల మీద తల్లిదండ్రులకున్న భయం మరొకటి. నన్నడిగితే ఆ భయం కరోనాకు ముందే ఉండవలసింది, ఎందుకంటే తట్టు వైరస్ రోగి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా గదిలోని గాలిలో నిలిచి ఉంటుంది; అయినా టీకాకు వచ్చిన పసిపాపను జ్వరంతో మూలుగుతున్న పిల్లవాడి పక్కనే ఇన్నేళ్లూ కూర్చోబెట్టాము. మాస్కులు తీసేసిన వెంటనే నా తోటివారిలో చాలామంది మళ్లీ ఆ పద్ధతికే వెళ్లిపోయారు. నేను మాత్రం ఉదయం వేళ జ్వరం పిల్లలకు చీటీ ఇవ్వను, దానికి తిట్లు కూడా తింటున్నాను.