ఇల్లు కొత్త ఊర్లో, బర్రెలు పాత ఊర్లో

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర, చెయ్యేటి ఒడ్డు పల్లె. 2021 నవంబరు 19న అన్నమయ్య డ్యాం కట్ట తెగి ఇల్లు పోయింది, పొలంలో ఇసుక మేటలేసింది. దూరంగా కాలనీలో కొత్త ఇల్లిచ్చారు. మా అత్త బర్రెలతో పాత ఊర్లోనే రేకుల కొట్టం వేసుకుని ఉంటోంది. ఇల్లు అమ్మేసి మనమూ వెనక్కి పోదామంటాడు మా ఆయన. ఏం చేయమంటారు?

జవాబు: మీ అత్తది మొండితనం అనుకోవద్దమ్మా. మా అమ్మా ఇదే చేసింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు మా పల్లె కూడా మునిగింది. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయని తర్వాత పేపర్లో చదివాం. నాకు గుర్తున్నది మాత్రం గుమ్మిలో నానిన జొన్నల పులిసిన వాసన.

మాకూ కాలనీలో రెండు గదులు, మరుగుదొడ్డి, కరెంటు ఇచ్చారు. బర్రెకు గుంజ పాతే చోటు లేదు. గడ్డివామి వేస్తే పక్కింటి కిటికీ మూసుకుపోతుంది. సరే, బర్రె పాత కొట్టంలోనే ఉండిపోయింది. కాపలాకు అమ్మ మంచం అక్కడికి పోయింది. తెల్లారి టీ కావాలిగా, స్టవ్వూ పోయింది. ఆరు నెలలకు కొత్త ఇల్లు ఉల్లిగడ్డల గోడౌన్ అయింది. వెనక్కి పోదామని మాలో ఎవరూ అనుకున్నది లేదు, పోయామంతే.

ఇల్లు అమ్మొద్దు. ప్రభుత్వమిచ్చిన పట్టా స్థలాన్ని గడువు నిండకముందే స్టాంపు కాగితం మీద రాసిస్తే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ముందు అది చెల్లదు. కొన్నవాడికీ, మీకూ టెన్షనే.

మా కాలనీలో పద్దెనిమిది మంది ఆడవాళ్లు గ్రామసభకు పోయి, తీర్మానం రాసేదాకా లేవలేదు. అడిగింది రెండే: కాలనీ చివర గొడ్ల కొట్టాలకు ఉమ్మడి జాగా, ఒక నీళ్ల తొట్టి. రాష్ట్రంలో గోకులం షెడ్లు ఉపాధి హామీ కింద వేశారు కదా, మీరూ పంచాయతీలో అర్జీ పెట్టండి. మీ ఆయన బాధ బర్రెలది కాకపోవచ్చు. ఇసుక మేటలు తీయకపోతే పొలం పడావు పడుతుంది, కాలనీలో కూర్చుని ఏం తింటాడు? ఇసుక తీయించమని కూడా అదే అర్జీలో రాయించండి.

మా తొట్టి కట్టిన వారానికే అమ్మ బర్రెను తోలుకొచ్చింది. మంచం మాత్రం ఇంట్లోకి తేలేదు, కొత్త కొట్టంలోనే వేయించుకుంది.