1970 షెవీ సీ-10లో సిక్స్ సిలిండర్ తీసేసి 350 వేయాలా, 5.3 ఎల్ఎస్ వేయాలా?

మీ ట్రక్కు 1970 సీ-10, 250 సిక్స్ సిలిండర్, స్టీరింగ్ కాలమ్ మీద మూడు గేర్ల మాన్యువల్, దాంట్లోకి 350 (క్యూబిక్ అంగుళాల) వీ8 తేలికా లేక జంక్‌యార్డ్‌లో దొరికే 5.3 ఎల్ఎస్ (జీఎం కొత్త తరం 5.3 లీటర్ల వీ8) తేలికా, గేర్‌బాక్స్ కూడా మార్చాలా అని అడిగారు. నా దగ్గరా అదే ఏడాది అదే ట్రక్కు, డాలస్ దగ్గర ఉంటాం, మా గరాజ్‌లోనే సిక్స్ దింపి 350 ఎక్కించాను. నా మాట అయితే 350 వేయండి, కానీ ఇంజిన్ కొనకముందే బ్రేకుల పని అయిపోవాలి, ఇందులో మాత్రం మొహమాటపడను.

ఎందుకంటే 1970 దాకా సీ-10కి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, ముందు డిస్కులు 1971లో వచ్చాయి. సిక్స్ లాగే స్పీడుకి డ్రమ్ములు ఏదోలా సరిపోతాయి, వీ8 వేశాక హైవే మీద ముందువాడు సడన్‌గా ఆపితే రెండోసారి మూడోసారి తొక్కేసరికి డ్రమ్ములు వేడెక్కి పెడల్ కింద పట్టు తగ్గిపోతుంది, లోపల పిల్లలుంటే ఆ క్షణం ఎలా ఉంటుందో ఊహించుకోండి. 71-72 ట్రక్కు ముందు భాగం తెచ్చి బిగించేవాళ్లు చాలామందే ఉన్నారు, అదీ మంచిదే, కాకపోతే వాటికి చక్రానికి ఐదు నట్లు, మీ వెనక చక్రాలకి ఆరు, ఒక్క స్టెప్నీ రెండు పక్కలా పట్టదు. ఆరు నట్ల డిస్క్ కిట్లు విడిగా దొరుకుతాయి, నేను అవే వేశా.

ఇక 350 ఎందుకంటే, మీ 250 సిక్స్‌కీ స్మాల్ బ్లాక్ వీ8కీ (350 ఆ కుటుంబంలోదే) వెనక బెల్ హౌసింగ్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే గుల్ల) బోల్టుల వరస ఒకటే, అంటే గేర్‌బాక్స్ ఉన్నచోటే ఉంటుంది. పైగా ఆ ఏడాది ఇదే ట్రక్కు ఫ్యాక్టరీ నుంచే 350తో కూడా వచ్చింది, కాబట్టి వీ8 ఇంజిన్ మౌంట్లు, ఎక్సలరేటర్ లింకేజ్, పెద్ద రేడియేటర్ అన్నీ ఇప్పటికీ కేటలాగ్‌లో ఆర్డర్ పెట్టుకోవచ్చు. క్లచ్ కూడా వీ8ది పెద్దది వేయండి, సిక్స్ క్లచ్ ఎక్కువ రోజులు ఓర్చుకోదు. వీ8 పొడవు తక్కువ కదా, ఫ్యాన్ రేడియేటర్‌కి దూరంగా పడుతుంది, స్పేసర్ (ఫ్యాన్‌ని ముందుకి జరిపే ముక్క), ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) రెండూ పెట్టకపోతే టెక్సాస్ ఆగస్టులో ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంది. 5.3 చెడ్డ ఇంజిన్ అని నేననను, పవర్ మైలేజీ రెండూ దాంట్లోనే ఎక్కువ, కానీ దానికి కంప్యూటర్ కావాలి, వైరింగ్ హార్నెస్ కావాలి, 58 పీఎస్ఐ దాకా ఫ్యూయల్ ప్రెషర్ కావాలి, మీ ట్రక్కులో ట్యాంకేమో క్యాబిన్‌లోనే సీటు వెనక ఉంది, ఆ పాత గొట్టాలతో అంత ప్రెషర్ అంటే మొదటి ప్రాజెక్టుకి వద్దనే చెప్తా. 350 వేసినా సరే ట్యాంకు రబ్బరు గొట్టాలన్నీ కొత్తవి వేయండి, ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు కరిగి పగుళ్లిస్తుంది.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొంటే, అమ్మేవాడి మాట కాదు, బ్లాక్ మీద నంబర్ చూడండి. వెనక బెల్ హౌసింగ్ కలిసే అంచు మీద, డ్రైవర్ వైపు, పోతపోసిన నంబర్ ఉంటుంది, దాని మీద ఏళ్లనాటి గ్రీజు పేరుకుని ఉంటుంది, బ్రేక్ క్లీనర్ కొట్టి వైర్ బ్రష్‌తో రుద్ది పైన చాక్‌పీస్ రాస్తే అంకెలు తెల్లగా పైకి తేలతాయి. 3970010 కనిపిస్తే అది ఎక్కువగా 350కి వాడిన బ్లాకే, కానీ అదే బ్లాక్‌తో 327, 302 ఇంజిన్లు కూడా చేశారు కాబట్టి ముందువైపు ప్యాసింజర్ పక్క ప్యాడ్ మీద కొట్టిన కోడ్ కూడా చూసుకోండి. ఇంకోటి, 1985 దాకా వచ్చినవాటికి వెనక మెయిన్ సీల్ రెండు ముక్కలు, 1986 నుంచి ఒకటే ముక్క, క్రాంక్ వెనక బోల్టుల వరస మారిపోయింది, పాత ఫ్లైవీల్ దానికి పట్టదు. వాల్వ్ కవర్ బోల్టులు మధ్యలో ఉంటే అది 1987 నుంచి వచ్చిన హెడ్ అని గుర్తు.

వైరింగ్‌లో అందరినీ ఏడిపించేది ఒకటుంది. ఇంజిన్‌తో పాటు హెచ్ఈఐ (జీఎం ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) డిస్ట్రిబ్యూటర్ వస్తే దానికి పూర్తి 12 వోల్టులు కావాలి, మీ ట్రక్కులో కాయిల్‌కి వెళ్లేది పాత కాంటాక్ట్ పాయింట్ల ఇగ్నిషన్ కోసం పెట్టిన, వోల్టేజ్ తగ్గించే రెసిస్టెన్స్ వైరు. దాన్నే తగిలిస్తే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ఐడిల్ బాగానే ఉంటుంది, తొక్కితే మాత్రం మిస్ కొడుతుంది, మనం కార్బురేటర్ విప్పుకుంటూ కూర్చుంటాం. ఫ్యూజ్ బాక్స్ దగ్గర, కీ ఆన్‌లోనూ, క్రాంక్ చేసేటప్పుడూ కరెంట్ ఉండే టెర్మినల్ చూసి, లావు వైరు కొత్తగా లాగండి. వీ8 ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2, ప్లగ్ వైర్లు పెట్టేటప్పుడు ఒక కాగితం మీద రాసి ఎదురుగా అతికించుకోండి. రీబిల్డ్ చేసిన పాత ఫ్లాట్ ట్యాపెట్ (క్యామ్ మీద రోలర్ లేకుండా రాసుకుంటూ నడిచే రకం) ఇంజిన్ అయితే మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడిల్‌లో వదలొద్దు, జింక్ ఉన్న ఆయిల్ పోసి 20 నిమిషాలు 2000 నుంచి 2500 ఆర్పీఎం మధ్య నడపాలి, లేకపోతే కొత్త క్యామ్ అక్కడికక్కడే అరిగిపోతుంది.

రూల్స్ సంగతికొస్తే టెక్సాస్‌లో 1970 ట్రక్కుకి ఎమిషన్ టెస్ట్ లేదు, కాలిఫోర్నియాలో కూడా 1975, అంతకు ముందువాటికి స్మాగ్ మినహాయింపు ఉంది. ఇండియాలో ఊళ్లో ఉన్న పాత జీపుకి ఇలాగే చేద్దామనుకునేవాళ్లు మాత్రం ముందు ఆర్టీఓ దగ్గరికి వెళ్లండి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా మార్చడం కుదరదు.

గేర్‌బాక్స్ మార్చాలా అన్నారు, అది వెనక యాక్సిల్ రేషియో తెలిస్తేనే చెప్పగలను. సిక్స్ ట్రక్కుల్లో 4.11 కూడా ఉండేవి, 28 అంగుళాల టైరుతో అది 70 మైళ్ల దగ్గర దాదాపు 3450 ఆర్పీఎం, అదే 3.07 అయితే దాదాపు 2580. ఎక్కువ రేషియో ఉంటే ఓవర్‌డ్రైవ్ ఉన్న 700ఆర్4 ఆటోమేటిక్ ఆలోచించొచ్చు, టీవీ కేబుల్ (కార్బురేటర్ థ్రాటిల్‌కి కలిపే థ్రాటిల్ వాల్వ్ కేబుల్) కరెక్ట్‌గా సెట్ చేయకపోతే ఆ గేర్‌బాక్స్ త్వరగా కాలిపోతుంది, అది గుర్తుపెట్టుకోండి. ముందు చక్రాలకి అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో వేసి, వెనక ఒక్క చక్రం మాత్రం జాకీతో లేపి స్టాండ్ మీద పెట్టండి, ఆ చక్రాన్ని పూర్తిగా రెండు చుట్లు తిప్పి డ్రైవ్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి, మామూలు డిఫరెన్షియల్ అయితే అదే రేషియో. ఆ నంబర్, టైర్ సైజు రాయండి, గేర్‌బాక్స్ సంగతి అప్పుడు చెప్తా.