కొత్త ఇన్‌ఛార్జి అయిన అల్లుడికి

కడప

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు షిఫ్టు ఇన్‌ఛార్జి అయ్యావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం అబ్బీ. మిషన్ల గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. మనుషుల గురించే ఒక మాట ఉంది. నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో నేను ఇన్‌ఛార్జిగా ఉన్నప్పుడు నా కింద ఒక ఫిట్టర్ ఉండేవాడు. బద్ధకస్తుడని మొదటి వారంలోనే మనసులో వేసుకున్నాను. నా కళ్లతో చూసింది కాదు, నాకు చార్జి ఇచ్చి వెళ్లినాయన చెప్పింది. ఆ మాట నేను ఎవరి దగ్గరా అనలేదు. అయినా దాగలేదు. అతను చేసిన పనిని ఇంకొకరితో మళ్లీ చూపించేవాణ్ణి. ఏదైనా ఆగిపోతే అతన్ని వదిలేసి పక్కవాణ్ణి అడిగేవాణ్ణి. పిలిచే గొంతులోనే తేడా ఉండేది. కొన్నాళ్లకు మిగతావాళ్లు అతన్ని టీకి పిలవడం కూడా మానేశారు.

ఒక రాత్రి సరుకును పైకి ఎత్తే బకెట్ ఎలివేటర్ బేరింగ్ పట్టేసి, షిఫ్టంతా పని నిలిచిపోయింది. శబ్దం తేడాగా వస్తోందని అతనికి రెండు రోజుల ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదని గద్దించాను. "నేను చెబితే మీరు వింటారా సార్?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. తప్పు నాది. నన్ను క్షమించమని అతన్ని అడగడానికి నాకు ఏడాది పట్టింది.

ఇది నా ఒక్కడి సంగతే కాదు. ఇజ్రాయెల్ సైన్యంలో చేసిన ఒక ప్రయోగం 1982లో అచ్చయింది. శిక్షణకు వచ్చినవాళ్లలో కొందరికి మంచి సత్తా ఉందని శిక్షకులకు ముందే చెప్పారు. నిజానికి వాళ్లను లాటరీలా ఎంచారు. కోర్సు అయ్యేసరికి ఆ కొందరే ముందున్నారు. శిక్షకుల నమ్మకం వాళ్ల చేతల్లోకి వచ్చేసిందన్నమాట.

అందుకే చార్జి తీసుకునేటప్పుడు మిషన్ల సంగతి అడుగు, మనుషుల సంగతి అడగొద్దు. ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఒక్కొక్కరికి ఒక పేజీ. నువ్వు స్వయంగా చూసిందే తేదీ వేసి రాసుకో. ఎవరి మీదైనా మనసు విరిగితే, బ్రేక్‌డౌన్ వచ్చినప్పుడు ముందు అతన్నే అడుగు. పైపైన నవ్వితే చాలదు, వాళ్లు ఇట్టే కనిపెడతారు. నచ్చినవాడితోనూ జాగ్రత్త. నా వెంట తిరిగే కుర్రాణ్ణి అందరూ "సార్ మనిషి" అనేవాళ్లు, వాడి ముందు నోరు విప్పేవాళ్లు కాదు. పాపం, వాడూ ఒంటరివాడైపోయాడు.

ఉగాదికి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా. పేర్లు నాకు చూపించొద్దు. ఖాళీ పేజీలు ఎన్ని ఉన్నాయో మాత్రం చెప్పు.

మీ మామ