పాత గేమ్ ఉన్నవాళ్లు రీమాస్టర్‌కి మళ్లీ పూర్తి ధర కట్టాలా?

కంపెనీ అప్‌గ్రేడ్ ధర (పాత గేమ్ ఉన్నవాళ్లకు తగ్గించిన ధర) పెడితే అంతవరకు కడితే చాలు, పెట్టకపోతే పూర్తి ధరే. రీమాస్టర్ అంటే పాత గేమ్‌నే మెరుగుపరిచి మళ్లీ విడుదల చేయడం. అందులో కథ, ఆట తీరు దాదాపు పాతవే. కొత్త ఖర్చు ఎక్కువగా గ్రాఫిక్స్, ఫ్రేమ్‌రేట్ (బొమ్మ ఎంత సాఫీగా కదులుతుందో), లోడింగ్ మీద పడుతుంది. పాత గేమ్ ఉన్నవాళ్ల దగ్గర ఆ పనికే డబ్బు తీసుకోవడం న్యాయం.

2024 జనవరిలో పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ మెషిన్)కి వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 రీమాస్టర్డ్' విడుదలప్పుడు అమెరికాలో 49.99 డాలర్లు, పీఎస్4 గేమ్ ఉన్నవాళ్లకు 10 డాలర్లే. పీఎస్4 డిస్కు నెల్లూరు ట్రంకు రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా చెల్లుతుంది.

అయితే అప్‌గ్రేడ్ అయ్యాక డిస్కు అమ్మేయొచ్చని చాలామంది అనుకుంటారు. కుదరదు. ఆడే ప్రతిసారీ అది మెషిన్‌లో ఉండాల్సిందే. డిస్క్ డ్రైవ్ లేని పీఎస్5 అయితే ఆ డిస్కు కొనడమే దండగ.