కెమెరాలు ఉండగా బేస్‌బాల్ అంపైర్లు బాల్, స్ట్రైక్ తప్పెందుకు చెబుతారు?

బ్యాటర్ కొట్టకుండా వదిలిన బంతి స్ట్రైక్ జోన్ అనే చోటులోంచి పోతే స్ట్రైక్, లేకపోతే బాల్. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ అవుట్. ఆ జోన్‌ని టీవీలో డబ్బాలా గీస్తారు. ఆ డబ్బాకి బయట పడ్డ బంతిని కూడా అంపైర్ స్ట్రైక్ అంటాడేంటి, కళ్లు కనపడవా అని అడిగారు. కళ్లు బాగానే కనపడతాయి. నన్నడిగితే అసలు దొంగలు ఇద్దరు: క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) గ్లవ్, ఆ డబ్బా.

మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మావాడు ఊరి లీగ్‌లో పన్నెండేళ్ల లోపు పిల్లలతో ఆడతాడు. మొన్నామధ్య ఒక మ్యాచ్‌కి అంపైర్‌గా హైస్కూల్ కుర్రాడొచ్చాడు. మావాడికి అప్పటికే రెండు స్ట్రైకులు. తర్వాతి బంతి మోకాళ్ల కిందుగా పోయింది. అవతలి క్యాచర్ దాన్ని దాదాపు మట్టిలోంచి అందుకుని, మణికట్టు తిప్పి, గ్లవ్‌ని మెల్లగా మోకాలెత్తుకి లేపి అక్కడే కదలకుండా నిలబెట్టాడు. కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి చెయ్యెత్తాడు. మావాడు అవుట్! అంతకుముందు మా పిచర్ (బంతి విసిరేవాడు) అలాంటి బంతే వేస్తే బాల్ అన్నాడు, ఎందుకంటే మా క్యాచర్ గ్లవ్ అందుకున్నచోటే వదిలేశాడు.

నా పక్కన ఒకాయన స్టాండు మీద ఫోన్ పెట్టి బంతుల్ని కొలుస్తున్నాడు. "చూడండి అన్నా, డబ్బాకి ఎంత కిందుందో" అని స్క్రీన్ నా ముందు పెట్టాడు. ఆ డబ్బా మ్యాచ్ మొదట్లో ఆయనే వేలితో లాగి పెట్టుకున్నది. పొట్టివాడొచ్చినా పొడుగువాడొచ్చినా అది అక్కడి నుంచి కదల్లేదు. అది పట్టుకుని ఆ పిల్లాడి మీద అరుపులు! వాడికి ముట్టేది నాలుగు డాలర్లు, దానికి నలభైమంది తల్లిదండ్రుల తిట్లు.

టీవీ డబ్బా ఇంత అన్యాయం కాదు కానీ, అదీ మందం లేని పలకే. రూల్ ప్రకారం స్ట్రైక్ జోన్ పలక కాదు, బ్యాటర్ పక్కన నేలమీదుండే, 17 అంగుళాల వెడల్పున్న అయిదు మూలల ప్లేట్ మీద నిలబడ్డ గది. కింద మోకాలిచిప్ప దిగువ, పైన భుజాలకీ ప్యాంటు పైఅంచుకీ సరిగ్గా మధ్య. బంతి అంచు ఆ గదిని ఎక్కడ తాకినా స్ట్రైకే. ఆ పలక దగ్గర కాకుండా గదిలో ఇంకోచోట తాకిపోయిన కర్వ్ బాల్ (వంగుతూ కిందికి జారే బంతి) టీవీలో తప్పుగా కనిపిస్తుంది, నిజానికి అది ఒప్పు.

అంపైర్లు నిజంగా చెడగొట్టిన రోజులు లేవని కాదు. 1997లో నేషనల్ లీగ్ ఫైనల్ సిరీస్ అయిదో మ్యాచ్‌లో ఎరిక్ గ్రెగ్ జోన్‌ని అంత వెడల్పు చేస్తే, మార్లిన్స్ జట్టు పిచర్ లివాన్ హెర్నాండెజ్ 15 సార్లు బ్యాటర్లని మూడు స్ట్రైకులతో అవుట్ చేశాడు. తర్వాత స్టేడియాలన్నిట్లో బంతిని కొలిచే కెమెరాలొచ్చాయి, 2020 నుంచి మన క్రికెట్ డీఆర్‌ఎస్‌లోని హాక్ ఐయే అక్కడా ఉంది. అంపైర్లు చాలా మెరుగయ్యారు కూడా. (క్రికెట్ మిత్రులు మాత్రం ప్రతిదానికీ 'అంపైర్స్ కాల్' ఎక్కడా అంటారు. అది పెట్టి ఇక్కడ కూడా గొడవ చెయ్యకండి బాబూ.)

2026 సీజన్ నుంచి అమెరికా మేజర్ లీగ్‌లో ఛాలెంజ్ పెట్టారు, అంటే అంపైర్ మాట మీద కెమెరాకి అప్పీలు. జట్టుకి రెండు, గెలిస్తే మిగిలే ఉంటుంది. బ్యాటర్, పిచర్, క్యాచర్ ముగ్గురే తల తట్టుకుని అడగాలి, కోచ్ నోరెత్తకూడదు. అప్పుడు కెమెరా చూసే జోన్ పైఅంచు బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం, కింద 27 శాతం. కొలిచేది ప్లేట్ మధ్యలో ఒక్కచోటే, అంటే అక్కడా పలకే! రూల్ పుస్తకంలో స్ట్రైక్ అయిన కర్వ్ బాల్ కెమెరాకి బాల్ అయిపోతుంది.

అయినా నా ఓటు కెమెరాకే, అదీ కొరియాలో 2024 నుంచి చేస్తున్నట్టు ప్రతి బంతికీ. ఒక అంగుళం తప్పైనా సరే, మొదటి ఇన్నింగ్స్‌లో ఎంతో చివరి ఇన్నింగ్స్‌లోనూ అంతే ఉంటే బ్యాటర్ సర్దుకుంటాడు. ఛాలెంజులు అయిపోయాక మళ్లీ గ్లవ్ రాజ్యమే కదా.

మా లీగ్‌కి ఆ కెమెరాలు ఈ జన్మలో రావు. ఈలోగా ఇక్కడొక కోచ్ గ్లవ్ లేపే విద్య నేర్పడానికి విడిగా ఫీజు తీసుకుంటున్నాడు. దొంగతనానికి ట్యూషన్ అన్నమాట. మా క్యాచర్‌ని కూడా చేర్పించారు, నేనేం అడ్డు చెప్పలేదు.